కౌసల్య బండి మీది గొర్రెతోలు

మల్లప్ప మందకు సూదులు ఏసి, చేతులు కడుక్కొని, ఐస్ డబ్బా భుజానికి తగిలించుకొని వచ్చేసరికి కౌసల్య బండి మీద ఏదో నల్లగ పండుకొని ఉన్నది. కుక్కపిల్ల అనుకున్నది ముందు. నీడకు నిలిపిన బండి సీటెక్కి పండుకునే కుక్కలు ఆమెకు కొత్త కాదు. "హుష్" అన్నది. కదలలే. దగ్గరికి పోయి చూస్తే అది గొర్రెతోలు. దట్టంగ ఉన్ని ఉన్న నల్లతోలు. సీటు ఈ కొస నుంచి ఆ కొసదాక పరిచి, పాత సైకిలు ట్యూబు కోసిన పట్టీలతోని కిందినుంచి గుంజి కట్టి ఉన్నది.

చుట్టూ చూసింది. మంద కాడ మల్లప్ప, ఆయన భార్య తడిక సర్దుతున్నరు. కొట్టం నీడల మల్లప్ప తల్లి నర్సింగమ్మ తాడు పేనుకుంట కూసున్నది. ఇంకెవరు లేరు.

"మల్లప్పన్నా, నా బండి మీద గిదెవరు కట్టిండ్రు?"

మల్లప్ప వచ్చి ఉన్నిల వేళ్లు పెట్టి చూసిండు. "నీది కాదా?"

"నాదైతే నిన్నెందుకు అడుగుత?"

"నా మందల గిసొంటిది ఒక్కటి లేదు చెల్లె. నువ్వే చూస్తున్నవు గద, అన్నీ ఎర్రగొర్లే. వాటికి ఉన్నెక్కడిది, కుక్కకున్నంత బొచ్చు గూడ లేదు. ఉన్నిగొర్లు ఇప్పుడెవరు సాకుతున్నరు? కత్తిరిచ్చిన ఉన్ని కొనెటోడు లేక గుట్ట కింద పారబోసుడే అయితుండె. అందుకే మా బాపు కాలంలనే అవన్నీ పోయినయి. అవ్వ పట్టుబట్టి సాకేటివి రెండే మిగిలినయి, అవి కొట్టంల మంచిగనే ఉన్నయి."

"మరి గిదెట్ల వచ్చింది?"

"నాకేమెరుక."

కౌసల్య నర్సింగమ్మ దగ్గరికి పోయింది. "అవ్వా, నా బండి కాడికి ఎవరన్న వచ్చిండ్రా?"

నర్సింగమ్మ చెయ్యి చెవికి అడ్డం పెట్టి, "ఏమో బిడ్డా, నాకు చెవులు ఇనరావు" అన్నది. పొద్దున ఇదే ముసలామె, దూరంల మొత్తుకునే మేకపిల్లను ఇని, దానికి కాలు ఇరిగినట్టున్నది చూడమని చెప్పింది. కౌసల్యకు అది యాదికొచ్చింది. తోలు ఇప్పి అక్కడనే పెట్టి పోదామా అనుకున్నది. ఎవరికిచ్చి పోతది? చివరికి దాని మీదనే కూసొని బండి తీసింది.

కౌసల్య పశుమిత్ర. దేవరకొండ చుట్టుపక్కల ఊర్లు, గుట్టల కింది గూడేలు తిరిగి గొర్లకు, మేకలకు కడుపుల పురుగులు పోవుటానికి నట్టల మందు తాపుతది, చిటుక రోగం రాకుంట సూదులేస్తది. డాక్టరు కాదు, ట్రైనింగు తీసుకున్న ఊరి మనిషి. ఊర్లల్ల ఆమెను సూదుల కౌసల్య అంటరు. తెలంగాణ వచ్చిన కొత్తల, ఇంట్ల ఎవరో ఒకరు కాళ్ల మీద నిలబడక తప్పని రోజులల్ల, ఈ పనిల చేరింది. అంతకుముందు ఆమె మొగుడు భిక్షం గొర్లు కాసేటోడు. షుగరు కండ్లకెక్కింది. హైదరాబాదుల కండ్ల దవాఖానకు తిప్పడానికి మందంతా అమ్మిండ్రు. అమ్మాల్సిందేనని పట్టుబట్టింది కౌసల్యనే. మంద పోయింది గని చూపు పూర్తిగ రాలే. వెలుతురు, నీడలు మాత్రం తెలుస్తయి. అంతవరకే.

భిక్షం నడిపిన బండి ఊకెనే ఉండేసరికి కౌసల్య దాన్ని నేర్చుకున్నది. జొన్న కోసిన చేన్ల, భిక్షం గట్టు మీద కూసొని ఇంజను చప్పుడు ఇనుకుంట గేరు మార్చుమని చెప్తుంటె, ఆమె కొయ్యకాళ్ల మీద పడుకుంట లేచుకుంట నేర్చుకున్నది. ఊరు ముందు నవ్వింది. తర్వాత గొర్రె పడిపోయిందని అర్జంటుగ ఫోన్ చేసి పిలిచింది. ఇప్పుడు ఎక్కడికి పోయినా ఇద్దరు పోతరు. ముందు కౌసల్య, ఎనక భిక్షం. గొర్రెను పట్టుకునుడు ఆయన పని. చెయ్యి పడ్డదంటె గొర్రె మెదలదు. ఆమె సూదేస్తది. మల్లప్ప అసొంటి పెద్దమందల కాడ మాత్రం పట్టుకునెటోళ్లు ఉంటరు గనుక భిక్షం పక్కకు పోయి ఎక్కడన్న కూసుంటడు. ఆ రోజు మాత్రం కాళ్లు తిమ్మిర్లని చెప్పి ఇంటికాడనే ఉన్నడు.

ఇగ నొప్పి సంగతి. గడిచిన ఏడాదికాలంగ కౌసల్యకు నడుము కింద, ఎన్నుపూస కొసకు ఉండే తోకబొక్క కాడ నొప్పి. పైపుల కోసం తవ్వి పూడ్చిన రోడ్లు, గూడేలకు పోయే రాళ్లబాటలు, ఎండకు పెనంలెక్క కాలే రెగ్జిన్ సీటు. సాయంత్రానికి కూసోలేదు. అన్నం నిలబడి తింటది. పండుకుంటె పక్కకు తిరిగే పండుకుంటది. టవలు మడిచి ఏసుకున్నది, జారిపోయింది. దేవరకొండల సీట్లు కుట్టే ఎల్లేష్ దగ్గర ఫోము మార్పించింది. కొత్తల మెత్తగున్నది, తర్వాత పీటలెక్క అయ్యింది. జాలీ కవరు తొడిగించింది. దానికి చెమట తగ్గింది గని బొక్క నొప్పి తగ్గలే. ఎల్లేష్‌కు సీటు గట్టిగున్నదని చెప్పిందే గని నొప్పని చెప్పలే. ఊరి ఆర్‌ఎంపీకి చెబుదామనుకొని ఆయన గడపదాక పోయి, నొప్పెక్కడ అంటె ఏం చెప్తనని దగ్గుమందు అడిగి తెచ్చుకున్నది. భిక్షంకు చెప్తె, పని మానెయ్యమంటడు. మానేస్తె ఇల్లెట్ల? బిడ్డ నిరోష నల్లగొండల డిగ్రీ చదువుతాంది. ఆమెకు చెప్తె అన్నీ ఇడిసిపెట్టి వస్తది. కాబట్టి ఎవరికీ చెప్పలే.

అందుకే ఆ తోలు చూసినప్పుడు ఆమెకు సంతోషం కాలే. భయమైంది. తన నొప్పి తనకు తప్ప తెల్వదు. మరి దీన్ని కట్టినోళ్లకు ఎట్ల తెలిసింది?

ఇంటికొచ్చే తొవ్వంతా అదే ఆలోచన. ఆ ఆలోచనల పడి, పైపుల గుంతలు దాటింది, వాగు మీది రాళ్లు దాటింది. ఊరి మొదట్ల బండి స్లో చేసినప్పుడు గని ఆమెకు తెలిసిరాలే, ఇంత దూరం పూర్తిగ కూసొనే వచ్చిందని. ఒక్కసారి గూడ లేవలే. కింద వేడి లేదు. చెమట లేదు. బొక్కను ఎవరో అరచేతిల పట్టుకున్నట్టున్నది. నొప్పి పోలేదు, అక్కడనే ఉన్నది. అయితె ఏడుస్తలేదు.

భిక్షం వాకిట్ల మంచం మీద కూసొని ఉన్నడు.

"ఏమయ్యా, ఇటొచ్చి బండి మీద చెయ్యి పెట్టి చూడు."

ఆయన లేచి వచ్చి సీటు మీద చెయ్యేసిండు. ఉన్ని మీద ముందుకు, ఎనకకు నిమిరిండు. చాలాసేపు నిమిరిండు.

"గొర్రెతోలు" అన్నడు.

"గొర్రెతోలని నాకు కనవడ్తలేదా" అని, నాలుక కరుసుకున్నది కౌసల్య. "ఎటువంటి గొర్రెదో చెప్పు. ఎవరి మందదో చెప్పు."

"ఏదో గొర్రె."

కౌసల్యకు సమజ్ కాలే. మసక చీకట్ల వీపు మీద చెయ్యేసి ఇది పలానా గొర్రె, ఇది పలానా దాని పిల్ల అని చెప్పేటోడు ఈయన. మంద ఉన్నన్ని రోజులు ఒక్కనాడు గూడ ఏదో గొర్రె అన్న మాట ఆయన నోటినుంచి రాలే.

"ఎవరు కట్టిండ్రంటవు?"

"ఎవరో ఒకరు. మెత్తగున్నదా?"

"ఉన్నది."

"మరి ఉండనీ" అని లోపలికి పోయిండు.

నిరోషకు ఫోటో పంపింది. బిడ్డ వెంటనే ఫోన్ చేసింది. "అమ్మా, బయటి దేశాలల్ల దూరం పోయే బండ్లకు గిట్లనే గొర్రెతోలు వేసుకుంటరట. ఉన్నిల గాలి ఆడ్తదట, ఎండకు సల్లగ, సలికి ఎచ్చగ ఉంటదట. వానల తడిస్తె మాత్రం ఖరాబ్ అయితదట. నీకెవరిచ్చిండ్రు?"

"తెల్వదు."

"తెల్వకపోవుడేంది?"

"తెల్వదంటె తెల్వదు బిడ్డా" అని పెట్టేసింది.

కొన్ని రోజులు దాని మీదనే తిరిగింది. ఎక్కినప్పుడల్ల హాయి, దిగినప్పుడల్ల పరేషాన్. ఎవరు నవ్వుకుంట పలకరించినా వీళ్లేనేమో అనిపించేది. ఎవరు ముఖం తిప్పుకున్నా వీళ్లేనేమో అనిపించేది.

ఒకనాడు పొద్దున నల్లా కాడ పక్కింటి శ్రీదేవి బిందె నింపుకుంట, "అక్కా, మల్లప్ప నీకు బండి మీదికి తోలు పెట్టిండట గద" అన్నది. శ్రీదేవి తల్లిగారిది మల్లప్ప వాళ్ల ఊరే.

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరో అనుకుంటుంటె మా అమ్మ చెప్పింది. నేనేమంటలేను అక్కా. మంచిగున్నది."

కౌసల్య బిందె సగం నిండకముందే ఎత్తుకొని వచ్చింది. వాకిట్ల భిక్షం పండ్లు తోముకుంటున్నడు. నల్లా ఎంత దూరమని. ఇనే ఉంటడు. ఇన్నడా, ఇనలేదా? ఇంటె ఏమనుకున్నడు? ఆయన ముఖం చూస్తె ఏమీ తెలుస్తలేదు. ఏదో గొర్రె, ఎవరో ఒకరు అన్న మాటలకు ఇప్పుడు ఇంకో అర్థం ఉన్నట్టు అనిపించింది. ఆమె పట్టీలు ఇప్పి, తోలును గోనెసంచిల చుట్టి అటుక మీద పడేసింది.

ఆ రోజు గూడేలకు పోయిండ్రు. నొప్పి రెండింతలై వచ్చింది. తిరుగు తొవ్వల సగం దూరం ఫుట్‌రెస్టుల మీద నిలబడే నడిపింది.

ఎనకనుంచి భిక్షం అడిగిండు. "తోలేది?"

"తీసి దాసిన."

"ఎందుకు?"

"ఎవరిదో తెల్వనిదాని మీద నేనెందుకు కూసోవాలె?"

ఊరు దగ్గర పడ్డంక భిక్షం, "రేపు కట్టుకో" అన్నడు.

కౌసల్యకు ఒళ్లు మండింది. ఏ మొగుడైనా ఎవరిచ్చిండ్రని నిలదీస్తడు. కోపం చేస్తడు. ఈయన కట్టుకో అంటడేంది? నమ్మకమా, లెక్కలేనితనమా? అడిగితె చిన్నగైతనని ఆమె అడగలే. అడగకపోయేసరికి అనుమానం ఇంకింత పెద్దగైంది.

తెల్లారి తోలు సంచిల పెట్టుకొని ఒక్కతే మల్లప్ప ఊరికి పోయింది. మల్లప్ప మంద తోలబోతున్నడు.

"ఇగో అన్నా, నీ తోలు నువ్వు తీసుకో."

"నాది కాదని ఆనాడే చెప్తి గద."

"ఊరంతా నీదే అంటాండ్రు."

మల్లప్ప ముఖం పాలిపోయింది. చేతిల కర్ర కింద పెట్టిండు. "అంటె, ఎవరి గొర్రెనో నేను కోసుకొని తిన్ననంటాండ్రా?"

"అది కాదన్నా."

"మరేంది? ఎవరిదన్న నల్లగొర్రె తప్పిపోయిందా? ఎవరు చెప్పిండ్రు నీకు? నా మంద లెక్క నీకు తెల్వదా? నువ్వే సూదులేస్తివి."

"గొర్రె గురించి కాదు నేననేది."

"గొర్రెతోలు తెచ్చి చేతుల పెట్టి, గొర్రె గురించి కాదంటవేంది చెల్లె?"

కౌసల్య నోరు తెరిచింది గని, అసలు సంగతి ఏ మాటల్ల చెప్పాల్నో దొరకలే. నువ్వు నాకు ఇచ్చినవంటున్నరు అంటె, అది ఇంకో మాటైతది. మల్లప్ప భార్య చేతులు తుడుచుకుంట వచ్చి నిలబడి, తోలును చూసింది, కౌసల్యను చూసింది, మొగుణ్ని చూసింది. ఆమె ఏమర్థం చేసుకున్నదో ఆమెకే తెలియాలె. నర్సింగమ్మ కొట్టంల నుంచి బయటికి రానే రాలే. కౌసల్య తోలు మళ్ల సంచిల పెట్టుకొని వచ్చేసింది. మల్లప్ప ఎనక నుంచి, "నాకు సమజ్ అయ్యేటట్టు చెప్పిపో" అంటనే ఉన్నడు.

ఇంటికి పోబుద్ధి కాక దేవరకొండకు తిప్పింది. ఎల్లేష్ దుకాణం ముందు బండి ఆపి, తోలు తీసి బల్ల మీద ఏసింది.

"ఎల్లేష్, ఇది నువ్వు చేసిందేనా?"

ఎల్లేష్ తిరగేసి చూసిండు. మాంసం వైపు నున్నగ గీకి, తంగేడు చెక్క నీళ్లల్ల నానేసినట్టు ఎర్రగ ఉన్నది. వాసన చూసిండు. "నేను కాదక్కా. నాకు రెగ్జిన్ కుట్టుడే తెలుసు. తోలు మాత్రం మంచిగ పదును చేసిండ్రు. ఓపికున్నోళ్లు." అంచుల పొంటి వేలు పెట్టి పోనిచ్చిండు. "కోసుడే గిట్లెందుకు కోసిండ్రో. ఇటు సక్కగున్నది, అటు వంకరపోయింది. చూడు, సీటు ముందు సన్నగుండే కాడ కొలత సరిగ్గనే ఉన్నది. ఆ కొలత దాక వచ్చుడే కత్తి తడబడ్డది. చూసి కోసెటోడు గిట్ల కొయ్యడు. తడుముకుంట కోసినట్టున్నది."

కౌసల్య ఆ వంకర అంచు మీద వేలు పెట్టి చూసింది.

"అంచు సాపు చెయ్యాల్నా అక్కా?"

"వద్దు. ఉండనీ."

అప్పుడు యాదికొచ్చింది. చాలా రోజుల కింద, పొద్దున బండి పక్కన భిక్షం గొంతుకు కూసొని సీటు మీద జానలు పెడుతున్నడు. ఏం దేవులాడుతున్నవని ఆమె అడిగితె, దుమ్ము తుడుస్తున్న అన్నడు. గుడ్డ లేకుంట దుమ్మేందని ఆనాడు అనిపించింది గని, పొయ్యి మీద పాలు పొంగుతుంటె లోపలికి ఉరికింది.

ఇప్పుడు నెత్తి ఇంకింత గిర్రున తిరిగింది. భిక్షమే అయితె, తోలు ఎక్కడిది? తను లేకుంట ఆయన గడప దాటడు. కట్టింది తను ఊర్ల లేనప్పుడు, ఆయన ఇంట్ల ఉన్నప్పుడు. ఒకవేళ ఆయనే అయితె, ఏదో గొర్రె అని ఎందుకన్నడు? శ్రీదేవి మాట ఇని గూడ ఎందుకు ఊకున్నడు? ఆయన్నే అడుగుదామంటె, కాదంటె ఏం చెయ్యాలె?

మరునాడు మల్లప్ప మంద మేతకు పోయిందని తెలుసుకొని, భిక్షంను ఎనక ఎక్కించుకొనే ఆ ఊరికి పోయింది. ఆయన్ను బండి కాడ నిలబెట్టి, కొట్టం ఎనక ఉన్న నర్సింగమ్మ దగ్గరికి ఒక్కతే నడిచింది.

"అవ్వా, నీకు చెవులు ఇనొస్తయని నాకు తెలుసు."

నర్సింగమ్మ తలెత్తి, ఎనక భిక్షం లేడని చూసి, నిమ్మళంగ అన్నది. "కూసో బిడ్డా. కూసోలేవు గద, నిలబడే ఇను."

కౌసల్య అట్లనే నిలబడ్డది.

"అది మీ కర్రి తోలు."

కర్రి అంటె, భిక్షం మందల ఉన్న నల్లగొర్రె. తల్లి సచ్చిపోతె సీసాపాలు తాపి సాకిండు. మంద అమ్మిన నాడు ముందు ట్రాలీల పోయిందని చెప్పిండు.

"ఎక్కడ పోయింది? నా కాడ పెట్టి పోయిండు. కౌసల్యకు చెప్పకు అవ్వా, దవాఖానకు అన్నీ అమ్మాల్నంటాంది, ఇదొక్కటి ఉండనీ అన్నడు. నావి రెండు నల్లవి ఉండె, వాటితోని కలిసిపోయింది. వాటి లెక్క మల్లప్పకు పట్టదు. మీరొచ్చినప్పుడల్ల నువ్వు మంద కాడ ఉంటివి, ఆయన ఇక్కడ దాని పక్కన కూసుంటుండె. ఏటేటా దానికి సూదేసింది గూడ నువ్వే గద."

కౌసల్య ఎక్కడనో చూస్తున్నది. నర్సింగమ్మ నల్లగొర్లకు సూదులేసిన మాట నిజమే. చెవి పట్టుకున్నది, చర్మం గుంజింది, సూదేసింది, ఇంకోదాని మీదికి పోయింది. తన ఇంట్ల సీసాపాలు తాగిన గొర్రెను తను గుర్తుపట్టలే.

"మొన్నటి ఎండలకు పోయింది. ముసల్దయింది పాపం. ఆయనకు చెప్తె సేపు కూసొని, తోలు తియ్యి అవ్వా అన్నడు. నీ సంగతి అప్పుడే చెప్పిండు. నేనే గీకిన, నేనే నానబెట్టిన. కోసుడు మాత్రం నేనే కోస్తనని పట్టుబట్టి, మీరొచ్చిన రోజు ఇక్కడనే కూసొని కోసిండు. తను నీ ఎంబడి రాని రోజు చూసి కట్టమన్నడు."

"నా నొప్పి ఆయనకెట్ల తెలుసు? నేను చెప్పలే."

"ఎనక కూసున్నోడికి తెల్వదా బిడ్డా? ఆయనకు గుంత కనవడదు. నువ్వు లేస్తె గుంతొచ్చిందని తెలుసుకుంటడట. ఇప్పుడు ఊకెనే లేస్తున్నది అవ్వా, గుంత లేకున్నా లేస్తున్నది అన్నడు."

తిరిగి వచ్చేటప్పుడు పత్తిచేన్ల మధ్య కల్వర్టు కాడ కౌసల్య బండి ఆపింది. స్టాండు ఏసింది.

"కర్రి సచ్చిపోయిందని నాకెందుకు చెప్పలే?"

భిక్షం దిగి, హ్యాండిల్ పట్టుకొని నిలబడ్డడు. "బతికున్నదనే చెప్పలే గద. సచ్చిందని ఎట్ల చెప్పాలె?"

"మరి తోలు నేనే చేయించిన అనొచ్చు గద."

"ఎక్కడిదంటె?"

"నొప్పున్నదా అని అడగొచ్చు గద."

"నువ్వు చెప్తవని చూసిన. దాసుకుంటున్నవని సమజైంది. దాసుకున్నదాన్ని ఎట్ల అడగాలె?"

"శ్రీదేవి అన్న మాట ఇన్నవా?"

"ఇన్న."

"ఇని గూడ ఊకున్నవు."

"చెప్దామనుకున్న. చెప్తె కర్రి సంగతి చెప్పాలె. అది చెప్తె, నా కండ్ల కోసం నువ్వు అంత తండ్లాడుతుంటె నేను గొర్రెను దాసిన్నని చెప్పాలె. ఏది ముందు చెప్పాల్నో తెల్వలే. రోజులు పోయినయి."

"నా ఇజ్జత్ కన్న నీకు గొర్రె ఎక్కువైంది."

"ఎక్కువ తక్కువ కాదు కౌసల్యా."

ఆమె ఆయన్ను అక్కడనే ఇడిసిపెట్టి రోడ్డు పొంటి నడిచింది. కోపం అనుకున్నది, తీరా నడుస్తుంటె అది కోపమేనా అనిపించింది. ఒక గొర్రె కోసం తనతోని అబద్ధమాడిండు. తన నొప్పి కోసం ఆ గొర్రె తోలునే కోసిండు. రెంటిని కలిపి ఏమనాలె? ఏడుపొస్తున్నది, ఆ వంకర అంచు యాదికొస్తె నవ్వొస్తున్నది. ఎనకకు తిరిగి చూసింది. భిక్షం బండి పట్టుకొని, ఆమె ఇంతకుముందు నిలబడ్డ దిక్కే ముఖం పెట్టి ఇంకా ఏదో చెప్తున్నడు. తను పోయిందని ఆయనకు తెల్వలే. ఆమె చప్పుడు కాకుంట తిరిగొచ్చి, ముందు నిలబడ్డ జాగాలనే నిలబడ్డది. ఆయన ఏం చెప్పిండో ఆమె ఇనలే. ఏం చెప్పినవని మళ్ల అడగలే.

"ఎక్కు, పోదాం" అన్నది.

ఆ వారంల ఇద్దరు మల్లప్ప ఇంటికి పోయి సంగతంతా చెప్పిండ్రు. మల్లప్ప పూర్తిగ ఇని, "అంటె నేను గొర్రెను దొంగతనం చేసిన్నని ఎవరు అనలేదన్నట్టే గద" అన్నడు. ఆయనకు కావాల్సింది అదొక్కటే. ఆయన భార్య మాత్రం చాయ్ పోసి, కౌసల్య చెయ్యి పట్టుకొని కొద్దిసేపు ఇడవలే. శ్రీదేవికి భిక్షమే చెప్పిండు. నల్లా కాడికి తడుముకుంట పోయి, అందరు ఇంటుంటె, "ఆ తోలు నేను కోసింది" అని చెప్పి వచ్చిండు.

కౌసల్య దేవరకొండ సర్కారు దవాఖానల లేడీ డాక్టరు ఉన్న రోజు తెలుసుకొని పోయింది. తోకబొక్క కమిలిందని, టబ్బుల వేడినీళ్లు పోసుకొని కూసొమ్మని, కొంతకాలం బండి నడపొద్దని డాక్టరమ్మ చెప్పింది. బండి నడపకుంట ఉండుడు కుదరలే గని, దూరం ఊర్లు తగ్గించుకున్నది. ఎల్లేష్ బండికి ఎనకటి షాకప్స్ మార్పిచ్చమన్నడు, మార్పిచ్చింది. నొప్పి నిదానంగ తగ్గింది. తోలుతోనా, షాకప్స్‌తోనా, వేడినీళ్లతోనా, చెప్పుకున్నందుకా, ఆమెకు తెల్వదు. నిరోష అడిగితె అన్నిటితోని అని చెప్తది.

తోలుతోని తిప్పలు గూడ ఉన్నయి. మబ్బు పడితె తీసి సంచిల పెట్టాలె. మొదటి వానలకు మరిచిపోయి తడిపింది. ఎండినంక అట్టలెక్క బిర్రబిగిసింది. భిక్షం వాకిట్ల కూసొని ఆముదం రాసుకుంట, రెండు చేతుల నడుమ నలుపుకుంట పొద్దంతా దాన్ని మెత్తగ చేసిండు. ఆయన అట్ల నలుపుతుంటె కౌసల్య పక్కకు తిరిగి పని చేసుకుంటది. తనకెందుకు చూడబుద్ధి కాదో, ఆయనకు ఎందుకంత ఇష్టమో ఆమె ఆలోచించుకోలే.

పాలు పోసే ఐలేశం చూసి, తన బండికి గూడ ఒకటి కావాల్నన్నడు. మల్లప్ప దగ్గర ఎర్రగొర్రె తోలు తెచ్చి భిక్షం పదును చేసిండు. దానికి ఉన్ని లేకపాయె, కూసుంటె సాప మీద కూసున్నట్టే ఉన్నది. ఐలేశం మొహమాటానికి కొన్ని రోజులు వేసుకొని తీసేసిండు. ఉన్నితోలు కావాల్నంటె ఉన్నిగొర్రె ఉండాలె. చుట్టుపక్కల ఇప్పుడు ఉన్నవి నర్సింగమ్మ కొట్టంల రెండే. అందుల ఒకటి ముసల్ది.

ఈ మధ్య కౌసల్య బండి మీది తోలు నడుమ పల్చబడ్డది. ఉన్ని అరిగి కింది చర్మం కనిపిస్తున్నది. నర్సింగమ్మ అది చూసి, మాట మాటల, "ఆ ముసల్దాన్ని మీ పేరు మీదనే పెట్టిన బిడ్డా, అది పోయిననాడు నీకే" అన్నది. భిక్షం పక్కనే ఉన్నడు. కౌసల్య సరే అవ్వా అన్నది. అన్నంక ఆ మాట ఎందుకన్ననా అనిపించింది.

మొన్న నట్టల మందు తాపడానికి పోయినప్పుడు ఆ ముసలిగొర్రె తనంతట తనే వచ్చి ఆమె మోకాలుకు తల రాకింది. భిక్షం దాని వీపు మీద చెయ్యేసి, "ఒంట్ల వేడి కొద్దిగ ఎక్కువున్నది, మంచిగ చూడు" అన్నడు. కౌసల్య దాని కనురెప్ప ఎత్తి చూసింది, పండ్లు చూసింది, గోళ్లు చూసింది. ఇది ఇంకా నాలుగు కాలాలు ఉండాల్నని ఆమె నిజంగనే కోరుకున్నది. కోరుకుంటున్నప్పుడే సీటు మీది పల్చబడ్డ జాగా కండ్లల్ల మెదిలింది. నోరు తెరిచి మందు పోసింది. అది సగం మింగి, సగం ఆమె చీర మీద ఉమ్మింది. కొంగుతోని తుడుచుకొని, ఇంకింత మందు కలుపుతుంటె, భిక్షం దాన్ని గట్టిగ పట్టుకున్నడు.